దడ్వాయి తప్పిన తూకం

రాజమల్లు కాకా ఏది చేతిలోకి తీసుకున్నా ముందు దాని బరువు చెప్తాడు. నా దుకాణానికి వచ్చిన మొదటి రోజే కౌంటరు మీద ఉన్న జిరాక్స్ కాగితాల కట్టను ఒక చేత్తో లేపి, "రెండు కిలోల మూడు నూర్లు, పైన జర మొగ్గు" అన్నాడు. ఆయన పోయాక పక్క కిరాణా కొట్లో తూకం వేయించాను. రెండు కిలోల మూడు వందల నలభై గ్రాములు. ఆ రోజు నుంచి తూకం విషయంలో ఆయన మాట నాకు వేదం. అంతగా నమ్మకుండా ఉండాల్సిందని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆర్మూర్‌లో మామిడిపల్లి చౌరస్తా దగ్గర నాది చిన్న దుకాణం. బోర్డు మీద 'సంధ్యారాణి జిరాక్స్ అండ్ ఆన్‌లైన్' అని ఉంటుంది. బీకాం చదివి, ఎక్కడా కుదురుకోలేక, చివరికి ఊరందరి అర్జీలు నింపుకుంటూ ఇక్కడ కుదురుకున్నాను. కాకా మాత్రం ముప్పై ఒక్క ఏళ్లు ఒకటే పని చేశాడు. పసుపు మార్కెట్లో దడ్వాయి, అంటే బస్తాలు తూచే మనిషి. అమ్మే రైతు ఒక పక్క, కొనే సేటు ఒక పక్క, నడుమ కాంటా దగ్గర ఈయన. ఈయన ఎంత అని అరిస్తే అంత. రైతు మొహం చూడడు, సేటు మొహం చూడడు, ముల్లు చూస్తాడు. ఎలక్ట్రానిక్ కాంటాలు వచ్చాక అరిచే పని తగ్గింది. 2017 చివర్లో మానుకున్నాడు. గోళ్ల సందుల్లో పసుపు మాత్రం ఇప్పటికీ వదల్లేదు.

ఆయన భార్య సువర్ణ. నాకు వరసకు ఏమీ కాకపోయినా చిన్నమ్మా అనేదాన్ని. బీడీలు చుట్టేది. ఎప్పుడు చూసినా ఒళ్లో చాట, చాటలో తునికాకు, వేళ్ల మధ్య దారం. మాట్లాడుతూనే చుట్టేది, మాట తెగినా దారం తెగేది కాదు. వాళ్లకు పిల్లలు లేరు. ఇది వాళ్లిద్దరి సంగతే అయినా, ఊళ్లో అందరి సంగతి అయి కూర్చుంది.

మా వైపు కొన్ని ఇళ్లలో వానాకాలం పసుపు పెట్టే రోజు మొదటి విత్తనపు కొమ్మును మంచి చెయ్యి ఉన్న ఆడమనిషితో పెట్టిస్తారు. మంచి చెయ్యి అంటే పని తెలిసిన చెయ్యి అనుకునేరు, కాదు. పిల్లల్ని కన్న చెయ్యి. చిన్నమ్మ మెండోరలో పసుపు చేన్ల మధ్య పుట్టి పెరిగింది. ఏ కొమ్ము మొలుస్తుందో, ఏది నేలలో కుళ్లిపోతుందో ముట్టుకుని చెప్పేది. అయినా కాకా సొంత తమ్ముడు భూమేశ్వర్ చేనుకు కూడా ఆమెను ఒక్కసారి పిలవలేదు. "నా చెయ్యి పడితే పెరగదట బిడ్డా" అని నాతో నవ్వుతూ అనేది. ఆమె నవ్వుతుంటే నేనూ నవ్వేదాన్ని. ఎవరి చెయ్యి ఎలాంటిదో తేల్చే పెద్దమనుషులను పట్టుకుని నాలుగు చీవాట్లు పెట్టాలని అనుకునేదాన్ని. అనుకోవడానికి ఖర్చు ఉండదు కదా.

2018 జనవరిలో నిజామాబాద్ నుంచి దయానంద్ అనే ఏజెంటు వచ్చి ఇద్దరితోనూ మ్యూచువల్ ఫండ్‌లో పెట్టించాడు. ఇద్దరిదీ ఒకటే ఫండ్. కాకా పని మానుకున్నప్పుడు చేతికొచ్చింది, దాచుకున్నది కలిపి రెండు లక్షలు ఒకే రోజు పెట్టేశాడు. "లాట్ అంత ఒక్కసారే కాంటా మీద పెట్టాలె. గింతంత గింతంత పెడితే తూకం తప్పుతది" అని ఆయన సిద్ధాంతం. చిన్నమ్మ దగ్గర అంత ఎక్కడిది? బీడీల కూలిలోంచి నెలకు వెయ్యి, ప్రతి నెలా ఏడో తారీఖున.

"గదేం పెట్టుడే, పిట్టకు గింజలేసినట్టు" అన్నాడు కాకా.

"పిట్ట గింజలే తింటది గద" అంది చిన్నమ్మ.

అప్పటి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున పది గంటలకు నా దుకాణం ముందు వాళ్ల జాతర. బెంచీకి ఈ చివర కాకా, ఆ చివర చిన్నమ్మ. నేను ఇద్దరి లెక్కల కాగితాలు ప్రింటు తీసి ఇచ్చేదాన్ని. కాగితానికి ఐదు రూపాయలు. కాకాకు ఇంగ్లీషు రాదు, అంకెలు వస్తాయి. పెట్టింది ఎంత, అయింది ఎంత, నూటికి ఎంత పెరిగింది, ఇదీ ఆయన కొలత. కాలిక్యులేటర్ ముట్టకుండా నోటితోనే తేల్చేవాడు. తేల్చాక మార్కెట్లో అరిచినట్టే అరిచేవాడు. "నాది నూటికి నలభై. ఆమెది నూటికి ఇరవై రెండు."

మొదట్లో ఒకటి రెండు నెలలు తప్ప ఆరేళ్లూ కాకాదే పైచేయి. నేను కూడా "కాకా మళ్లీ గెలిచిండు" అని తాళం వేసేదాన్ని. చిన్నమ్మ తన కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి చాటలో బీడీల కింద పెట్టుకునేది. ఒక్కోసారి అనేది, "ఏంది మరి, బూమిల పెట్టినా గంతే, బ్యాంకుల పెట్టినా గంతే. నా చెయ్యి." కాకా నవ్వేవాడు. ఆయన మనసులో పాపం ఏమీ లేదు. పెళ్లాన్ని గెలిచిన మొగుడి సంబరం, అంతే. కాని ఊరు అన్న మాటకు తన సొంత ఇంట్లో, సొంత మొగుడి నోటితో ప్రతి నెలా రుజువు దొరుకుతుంటే ఆ మనిషికి ఎలా ఉంటుందో ఆయనా ఆలోచించలేదు, నేనూ ఆలోచించలేదు.

కరోనా వచ్చినప్పుడు షేర్ మార్కెట్ కూలింది. బీడీ కార్ఖానా మూసేశారు. కాకా రెండు లక్షలు లక్షా డెబ్బై వేలకు దిగాయి. అప్పుడు కూడా చిన్నమ్మ ఆపలేదు. పైగా ఏప్రిల్‌లో నాకు ఫోన్ చేసి, చిట్టీ పాడితే వచ్చిన పది వేలు ఉన్నాయి, అవి కూడా ఫండ్‌లో కట్టమంది. ఇంట్లో కూర్చుని నేనే కట్టాను. ఫోన్‌లో వెనక నుంచి కాకా అరుపులు నాకు వినబడుతూనే ఉన్నాయి.

"పొక్క పడ్డ కుండల నీళ్లు పోస్తవానే. ఆపు."

"సస్తగున్నప్పుడే గద కొనాలె" అంటోంది చిన్నమ్మ. "పసుపు దర పడ్డప్పుడు సేట్లు గోదాములు నింపుకుంటరు. రైతులే ఆగమాగమై అమ్ముకుంటరు. నువ్వు గన్నేండ్లు నడుమ నిలవడి ఏం జూసినవ్?"

ఆ మాట మీదే చిన్నమ్మ ఫోన్ పెట్టేసింది.

2023 డిసెంబర్‌లో ఒక పొద్దున చిన్నమ్మ చాట ఒళ్లో పెట్టుకుని కూర్చుని ఉండగానే పక్కకు ఒరిగిపోయింది. దవాఖానకు తీసుకుపోయేలోపే అయిపోయింది. ఆ నెల ఏడో తారీఖు వాయిదా కట్టి పది రోజులు కూడా కాలేదు. అది డెబ్బై రెండో వాయిదా.

జనవరి మూడో వారంలో కాకా వచ్చాడు. ఒకటో తారీఖు దాటిపోయి చాలా రోజులైంది. బెంచీకి ఈ చివరనే కూర్చున్నాడు. ఆ చివర ఖాళీగా ఉన్నా నడుమకు జరగలేదు. అర్జీ కోసం వచ్చిన ఇంకొకాయన అక్కడ కూర్చోబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. ఎందుకు పెట్టాడో ఆయనకే తోచనట్టు, మళ్లీ చెయ్యి తీసేసుకున్నాడు. ఆ వచ్చినాయన నిలబడే పని చూసుకుని పోయాడు. నేను ఎప్పటిలాగే ఇద్దరి లెక్కల కాగితాలూ ప్రింటు తీసి ఇచ్చాను.

సంచిలోంచి మరణ ధ్రువపత్రం, ఆధార్, ఫండ్ కాగితాలు తీసి కౌంటరు మీద పెట్టాడు. కాగితాల నిండా తునికాకు వాసన.

"ఆమెది తీసేద్దాం బిడ్డా" అన్నాడు.

"ఎందుకు కాకా? నామినీవి నువ్వే గద. నీ పేరు మీదికి మార్పిస్త, పెరగనియ్."

"ఏం పెరుగుతది. నాది నూటికి నూట పది పెరిగింది. ఆమెది డెబ్బై ఒకటి. మంచి బస్త ఉంచుకొని పుచ్చు బస్త అమ్ముకోవాలె. మార్కెట్ల గట్లనే జేస్తం." చిన్నమ్మ కాగితాన్ని పక్కకు తోశాడు. "గా కాయిదం ఇంట్ల ఉంటే పానం ఆగుత లేదు. ఒకటే ఒకటి ఆలోచిస్తున్న. పాపం, ఆమె చెయ్యి గంతే."

ఆ 'పాపం' దగ్గర నాకు ఒళ్లు మండింది. బతికున్నప్పుడు ఊరు అంది, సరే. చచ్చిపోయాక కూడా ఆ మనిషి చెయ్యి చెడ్డదేనని సంతకం పెట్టి, ముద్ర వేసి, డబ్బు తీసేసుకోవాలా? ఆ సంతకానికి కాగితం నా దుకాణంలోనా?

"కాకా, నేనొకటి అడుగుత, నిజం చెప్పు" అన్నాను. "పసుపు ఎన్ని నెలల పంట?"

"తొమ్మిది నెలలు. ఎందుకు?"

"ఒకాయన జూన్‌ల పెట్టి మార్చిల తవ్విండు. ఇంకొకామె నెలకింత పెట్టుకుంట పోయింది. కొంత జూన్‌ల, కొంత అక్టోబర్‌ల, కొంత నిన్న. మార్చిల ఇద్దరిది ఒక్కనాడే తవ్వి కాంటా మీద పెడితే ఎవలి బూమి మంచిదో తెలుస్తదా?"

"నిన్న పెట్టింది తవ్వుడేంది, తెలివి లేదా. గది పెట్టిన కొమ్మే ఉంటది. దాని వయసు చూడకుంట తూస్తరా ఎవలన్న?"

"నువ్వు తూసినవ్. ఆరేండ్లు."

కాకా నా మొహంలోకి చూశాడు. ముప్పై ఒక్క ఏళ్లలో ఆయన తూకం తప్పని అన్నవాళ్లు లేరు. కోపం వస్తుందనుకున్నాను, రాలేదు. "తూచి చూపియ్" అన్నాడు, అంతే.

చిన్నమ్మ పెట్టిన ప్రతి రూపాయి ఏ రోజు పెట్టిందో ఉన్న జాబితా ప్రింటు తీశాను. మూడు పేజీలు. కాకా కళ్లద్దాలు పెట్టుకుని ఒక్కో వరుస మీద వేలు పెట్టి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. కొలిచేవాళ్లు మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. "లాభం. రెండు. మూడు." గొంతు దించుకుని, బస్తాలు లెక్కపెట్టినట్టే. నేను ఆగాను. పాస్‌పోర్టు ఫోటోలకు వచ్చిన ఇద్దరిని తర్వాత రమ్మన్నాను. ముప్పై దాటాక ఆయన వేలు ఒక దగ్గర ఆగింది. 2020 ఏప్రిల్, పది వేలు. ఆ వరుస మీద వేలు కాసేపు అలాగే ఉంది. తర్వాత కదిలింది. చివరికి "డెబ్బై మూడు" అన్నాడు.

"నెల నెల కట్టినయి డెబ్బై రెండు. గా పది వేలు ఒకటి" అన్నాను. "మొదటి వెయ్యి ఆరేండ్లు ఉన్నది. ఆఖరి వెయ్యి నెలన్నరే ఉన్నది. నీ రెండు లక్షలల్ల ప్రతి రూపాయి ఆరేండ్లున్నది. రెండిటిని ఒక్క కాంటా మీద పెట్టి నూటికెంత అంటే, పాత పైసలే గెలుస్తయి కాకా. మంచి పైసలు గాదు."

"మరెట్ల తూస్తరు?"

"ఏడాదికి ఎంత చొప్పున నడిచిందో చూస్తరు. నీది ఆరేండ్లల్ల రెండు లక్షలు నాలుగు లక్షల ఇరవై వేలయింది. వడ్డీ మీద వడ్డీ కలుపుకుంట పోతే ఏడాదికి నూటికి పదమూడు మీద కొంచెం. పదమూడు పాయింట్ రెండు."

తల ఊపాడు. తనది కాబట్టి తొందరగా అర్థమైంది.

"ఇప్పుడు చిన్నమ్మది. ఆమె పెట్టింది అంత కలిపి ఎనభై రెండు వేలు. ఆమె తారీఖులు ఆమెకే ఉంచుదాం. ప్రతి తారీఖున పెట్టింది నీ లెక్కనే, పదమూడు పాయింట్ రెండు చొప్పున నడిచిందనుకో. అప్పుడు ఇయ్యాల ఎంత కావాలె?" కంప్యూటర్లో వేసి తెర ఆయన వైపు తిప్పాను. లక్షా ఇరవై మూడు వేల నాలుగు వందలు. "అంతయితే నువ్వు, ఆమె సమానం. అసలు ఎంతున్నది కాయిదంల చూడు."

కాకాకు చూడాల్సిన పని లేదు, ఆ అంకె ఆయనకు నోటికి వచ్చు. "లక్షా నలభై వేల అయిదు నూర్లు" అన్నాడు. ఇంకో రెండు క్షణాలకు తీసివేత కూడా ఆయనే చేశాడు. "పదిహేడు వేల నూరు. పైన."

"మొగ్గు" అన్నాను.

"మొగ్గు" అన్నాడు ఆయన.

ఏడాదికి పదిహేడు పాయింట్ ఐదు అని, అది కాగితం అడుగున చిన్న అక్షరాల్లో అచ్చయి ఉందని చూపించాను. పక్కన ఎక్స్‌ఐఆర్‌ఆర్ అని ఇంగ్లీషులో నాలుగు అక్షరాలు. పెట్టిన ప్రతి రూపాయినీ దాని తారీఖుతో సహా చూసి, ఏడాదికి ఎంత చొప్పున పెరిగిందో చెప్పే అంకె అది. అన్యాయం ఎందుకని ఇంకో మాట కూడా చెప్పాను. "రూపాయలల్ల అయితే నీదే ఎక్కువ కాకా. నీకొచ్చిన లాభం రెండు లక్షల ఇరవై వేలు, ఆమెకు యాభై ఎనిమిది వేల అయిదు నూర్లు. ఏది తెలుసుకోవాల్నో దాన్ని బట్టి కొలత."

"రూపాయల సంగతి ఎవలడిగిండ్రు. చెయ్యి సంగతి చెప్పు" అన్నాడు. "ఫండ్ ఒక్కటే గద ఇద్దరిది. చేను ఒక్కటే అయినప్పుడు ఆమెకు గీ మొగ్గు ఏడికెల్లి వచ్చింది?"

"పెట్టిన తారీఖులల్లకెల్లి. మార్కెట్ పడ్డప్పుడు ఆపలే. పైన పది వేలు ఏసింది. గది ఫండ్ చేసింది గాదు, చిన్నమ్మ చేసింది."

"నసీబేమో."

"కొంత నసీబు ఉంటది, లేదనను. అదే మార్కెట్ తిరిగి లేవకపోతే ఏమయ్యేదో నాకేం తెలుసు. కానీ ఆపమని నువ్వు మొత్తుకున్నవ్. ఆపకపోవుడు నసీబు గాదు."

కాకా కళ్లద్దాలు తీసి లుంగీ అంచుతో తుడుచుకున్నాడు. మళ్లీ పెట్టుకోలేదు. బయట పసుపు బస్తాల ట్రాక్టర్ ఒకటి నిజామాబాద్ వైపు పోతోంది. కొత్త పసుపు అప్పుడే మొదలవుతున్న రోజులు. ఏ ట్రాక్టర్ పోయినా ఇన్ని బస్తాలని చెప్పే మనిషి, ఆ రోజు తల తిప్పి చూడలేదు.

"గీ కింది అంకె ఎప్పటికెల్లి ఉన్నది గీ కాయిదంల?" అన్నాడు.

"మొదటికెల్లి ఉన్నది కాకా."

"ఆమె చూసిందా?"

ఈ ప్రశ్న వస్తుందని నాకు తెలుసు. ఆయన తాపీగా లెక్కపెడుతున్నంతసేపూ నేను దీని గురించే భయపడుతున్నాను. చూడలేదు అని ఒక్క మాట అంటే అయిపోయేది. అబద్ధం ఆడడం నాకు చేతకాదని కాదు, ఆన్‌లైన్ దుకాణం నడిపే మనిషిని. ఆ రోజు ఎందుకో నోరు రాలేదు.

"చూసింది" అన్నాను. "రెండేండ్ల కింద నీకు జరమొచ్చి ఒక్కతే వచ్చిన రోజు. గీ కింద అంకెల నాది పెద్దగున్నది, మీ కాకది చిన్నగున్నది, గిదేంది బిడ్డా అని అడిగింది."

"నువ్వేమన్నవ్?"

ఆ రోజు స్కాలర్‌షిప్ అర్జీలకు ఆఖరి తేదీ. దుకాణం నిండా కాలేజీ ఆడపిల్లలు. చెప్పాలంటే పావుగంట పట్టేది. ఐదు రూపాయల కాగితానికి పావుగంట ఎక్కడ పెట్టను? నేను తెర మీంచి తల కూడా ఎత్తలేదు.

"అది వేరే లెక్క, పట్టించుకోకు అన్న."

"ఆమేమన్నది?"

"అంతేనా, అన్నది. మడతపెట్టుకొని పోయింది."

బీకాం చదివాను, ఆ నాలుగు అక్షరాలకు అర్థం ఈ వీధిలో తెలిసిన ఒక్క మనిషిని నేనే, ఆరేళ్లు నా చేత్తో ప్రింటు తీసి ఇచ్చాను, పైగా కాకా గెలిచిండని తాళం వేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. కాకా నన్ను తిట్టి ఉంటే బాగుండేది.

"నువ్వు చెప్పినా నేను ఒప్పుకునేటోణ్ణి గాదు తియ్" అన్నాడు కాకా. నన్ను ఓదారుస్తున్నాడని అర్థం కావడానికి నాకు కొంచెంసేపు పట్టింది. "బీడీల పైసలు నా మీద మొగ్గు చూపిచ్చినయంటే, కాంటా ఖరాబైందనేటోణ్ణి."

ఆయన ఒప్పుకోడు, నిజమే. కానీ చిన్నమ్మ ఒప్పుకునేది. ఒక్క పావుగంట కూర్చోబెట్టి చెప్పి ఉంటే, ఆ రెండేళ్లయినా తన చేతిని తాను ఇంకోలా చూసుకునేది. ఆ మాట నేను అనలేదు. అది ఆయనకూ తెలుసు.

"తీసెయ్యద్దు" అన్నాడు చివరికి.

అర్జీ నింపడం మొదలుపెట్టాను. చిన్నమ్మ యూనిట్లు ఆయన పాత ఖాతాలో కలపాలా, వేరే కొత్త ఖాతాలో ఉంచాలా అన్న చోట ఆగి అడిగాను. కలిపితే కాగితం ఒకటే వస్తుంది, సులువు అని కూడా చెప్పాను.

"కలుపకు. లాట్లు కలిపితే ఎవలిదేదో తెల్వది."

"మరి నెల నెల వెయ్యి నువ్వు కట్టుకుంట పోతవా దాంట్ల? కట్టొచ్చు."

ఆలోచించాడు. "వద్దు. నా చెయ్యి పడితే ఇంక గది ఆమె తూకం గాదు."

సంతకం పెట్టి, రెండు కాగితాలకూ కలిపి పది రూపాయలు ఇచ్చాడు. వద్దన్నా వినలేదు. ఆయన పోయాక చూస్తే కౌంటరు మీద ఒక కాగితం మిగిలి ఉంది. మర్చిపోయాడనుకుని పిలవబోయాను. అది ఆయనది. చిన్నమ్మది నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో పెట్టుకుని పోయాడు.

ఇప్పుడు ఒకటో తారీఖున రాడు. ఏడో తారీఖున వస్తాడు. ఒకటే కాగితం అడుగుతాడు, తనది వద్దంటాడు. పేరు మార్చాక వచ్చిన కొత్త ఖాతాలో పాత తారీఖులు కనబడవు. అందుకని చిన్నమ్మ డెబ్బై మూడు వరుసలు నా కంప్యూటర్లో నేనే ఎక్కించి పెట్టుకున్నాను. ప్రతి నెలా ఆ అంకె నేనే కట్టి, కాగితం అడుగున కాదు, నడి మధ్యలో పెద్ద అక్షరాలతో తీసి ఇస్తాను. జూన్‌లో తమ్ముడు భూమేశ్వర్ చేన్లో పసుపు పెట్టే రోజు ఆ కాగితం జేబులో పెట్టుకుని పోయాడట. మొదటి కొమ్ము ఎవరో కోడలుపిల్ల పెట్టింది. కాకా గట్టు మీద నిలబడి చూసి వచ్చాడు. కాగితం బయటికి తీయలేదా అని అడిగాను. "తీసి ఎవలికి చూపియ్యాలె బిడ్డా" అన్నాడు.

దసరా అయ్యాక నవంబర్ ఏడున వచ్చినప్పుడు కాగితం చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు. బెంచీ ఆ చివర ఎప్పటిలాగే ఖాళీగా ఉంది.

"పదహారు పాయింట్ ఆరు" అన్నాడు. "దిగింది. మార్కెట్ పడ్డదా, ఆమె చెయ్యి లేకనా?"

ఆ ఒక్కసారి నేను తొందరపడలేదు. కుర్చీ తెచ్చుకుని ఆయన ముందు కూర్చున్నాను.

"రెండిటికి దిగింది కాకా. పెట్టేటామె లేదు గద. ఇంక ఫండ్ ఎంత నడిస్తే అంతే నడుస్తది గది. నీది పదమూడు కాడ ఉన్నది. ఏండ్లు గడిచిన కొద్ది ఆమె అంకె మెల్లమెల్లగ నీ అంకె దిక్కు దిగుకుంట వస్తది. ఎన్నడో ఒకనాడు రెండూ ఒక్కకాడికొస్తయి."

చెప్పాక, ఎందుకు చెప్పానా అనిపించింది. ఆయనకు మిగిలింది ఆ మొగ్గు ఒక్కటే. అది కూడా కరిగిపోతుందని చెప్పాల్సిన అవసరం ఏముంది?

కాకా కాగితాన్ని నాలుగు మడతలు పెట్టాడు. జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యి ఉంచుకుని, బెంచీ ఆ చివర వైపు చూస్తూ, "రానీ బిడ్డా. జర నిమ్మలంగ రమ్మను" అన్నాడు. "నేనేడికి పోత."